మేకకు మత్తు సూది వేయించినోళ్లు ఉంటే చెప్పండన్నా

ఉదయగిరి మేకలు:
పోయిన నెల్లో మా చూడి మేకకు పిల్ల అడ్డం తిరిగింది. రాత్రి పదకొండు. తెలిసిన ఒకాయన వచ్చి, గింజుకుంటా ఉందని మత్తు సూది వేసినాడు. గేదెలకు వేసే మందే. తూకం అడగలేదు, కంటి అంచనాతో ఒక మి.లీ. దాకా లాగినాడు. కాసేపటికే తల వాల్చేసింది, నోట్లోంచి చొంగ ధార కట్టింది, పక్కకు పడిపోయి పొట్ట ఉబ్బింది. తెల్లారేలోపు తల్లీ పోయింది, లోపలి రెండు పిల్లలూ పోయినాయి. నొప్పి తెలియకుండా చేయాలంటే ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిందేనా? వెన్నుకు సూది వేస్తారంట కదా, ఎవరైనా చూసినారా?

కొండపి గేదెలు:
చదివి చాలా బాధేసింది తమ్ముడూ. మేకల్లో చూళ్లేదు గానీ మా ముర్రా గేదెకు ఈనినాక మెయ్య దిగింది, అంటే గర్భసంచి బయటికి జారింది. లోపలికి నెట్టేకొద్దీ ముక్కి బయటికి తోసేది. డాక్టరుగారు తోకను చేతిపంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడిస్తా, మొదట్లో కదిలే సందును వేలితో పట్టుకున్నారు. బొచ్చు గొరిగి, శుభ్రంగా కడిగి సూది గుచ్చారు. సూది తలమీద ఒక మందు చుక్క నిలిపారు. కొంచెం లోతుకు దిగేసరికి ఆ చుక్క దానంతటదే లోపలికి పోయింది. 'సరైన చోటే పడింది' అని ఐదు మి.లీ. లిగ్నోకైన్ (వేసిన చోట తిమ్మిరెక్కించే మందు) ఎక్కించారు. కాసేపటికి తోక తాడులా వేలాడింది, ముక్కడం ఆగింది. గేదె మాత్రం నిలబడే ఉంది, గడ్డి కూడా అందుకుంది.

ఆత్మకూరు పశువైద్యుడు:
ఉదయగిరి వారు చెప్పినదాన్ని బట్టి అది జైలజిన్ అనే మత్తు మందు అనిపిస్తోంది. గుర్రానికి వేసే మోతాదులో పదో వంతు చాలు నెమరు వేసే జీవాలకు. అందులోనూ మేక మరీ సున్నితం. కిలోకు 0.05 మి.గ్రా. దగ్గర మొదలుపెడతాం. అంటే 20 కిలోల మేకకు ఒక్క మి.గ్రా. మి.లీ.కి 20 మి.గ్రా. ఉండే సీసా అయితే అది 0.05 మి.లీ. ఇన్సులిన్ సిరంజి లేకపోతే కొలవలేం. ఒక మి.లీ. లాగితే ఇరవై రెట్లు పడినట్టు. పైగా ఆ మందు గర్భసంచిని బిగిస్తుంది, అందుకే ఈత కష్టమైన మేకకు నేను వాడను. యోహింబిన్ లాంటి విరుగుడు ఉంది, కానీ వచ్చినాయన చేతిసంచిలో ఉంటేనే కదా పనికొచ్చేది.

ముక్కడం ఆపడానికి మేకకైనా తోక దగ్గర సూదే, ఒకటి రెండు మి.లీ. చాలు. పొట్ట కోసి పిల్లను తీయాలంటే నడుము చివరి గుంటలో వేస్తాం, 2 శాతం లిగ్నోకైన్ ఐదు నుంచి ఏడు కిలోలకు ఒక మి.లీ. చొప్పున. అక్కడ మేకకు వెన్నుపాము ఇంకా ఉంటుంది. సూదిలో నీళ్లలాంటి ద్రవం కనిపిస్తే వెనక్కి తీయాలి, లేదా మందు సగానికి తగ్గించాలి. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి.

వింజమూరు పల్లా మంద:
మా పల్లా గొర్రెకు పోయినేడు ఆ నడుము సూదే వేసి ఆపరేషన్ చేసినారు. పొట్ట కోస్తా ఉంటే చెవులు ఆడిస్తానే ఉంది! పిల్ల బయటపడి అరవంగానే తల తిప్పి బదులు పలికింది, ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. వెనక కాళ్లు మాత్రం చచ్చుబడినట్టు పడుంటే నేను భయపడి లేపబోయినా. డాక్టరు గట్టిగా వారించినాడు. రొమ్ము మీద కూర్చోబెట్టి రెండు పక్కలా గోనె సంచులు ఆనించమన్నాడు, పక్కకు పడితే ఉబ్బుద్దంట. రెండు గంటలు దాటినాక తూలుకుంటా లేచింది. అంతసేపూ మనిషి దగ్గరుండాల్సిందే.

ఉదయగిరి మేకలు:
మాకు ఆ రాత్రి ఇదంతా చెప్పేవాళ్లు లేకపోయినారు. నిన్న కొక్కెం తక్కెడ కొన్నా, ఒక్కో జీవాన్నీ తూచి రాసి పెడతా ఉన్నా. ఇంకొక్క మాట సార్. పోతుపిల్లలకు విత్తులు తీయించాలి, పదేసి కిలోలు ఉండాయి. దానికీ మత్తు వేయొచ్చా?

ఆత్మకూరు పశువైద్యుడు:
తప్పకుండా వేయించండి. మేకకు లిగ్నోకైన్ కిలోకు 5 మి.గ్రా. దాటనివ్వం, దాటితే ఫిట్స్ రావచ్చు. పది కిలోల పిల్లకు రెండు వైపులా కలిపి 2 శాతం మందు రెండున్నర మి.లీ. మించకూడదు. అంతే సెలైన్ కలిపి పలచన చేస్తే ఐదు మి.లీ. అవుతుంది, రెండు పక్కలకూ సరిపోతుంది. మీరు తూచి రాసుకున్న చీటీ మీ డాక్టరుకు చూపించండి.