చిన్న మార్పుకి కూడా చేంజ్ రిక్వెస్ట్ పెట్టాల్సిందేనా?

సైట్_ఇంజినీర్:
మా ప్రాజెక్టులో కొత్త రూల్ వచ్చింది, డ్రాయింగ్‌లో గీత కదిలినా చేంజ్ రిక్వెస్ట్ (మార్పుకి అనుమతి కోరే కాగితం) రాయాలంట, నలుగురి సంతకాలు కావాలంట. బ్రాకెట్ రెండంగుళాలు పక్కకి జరపడానికీ అదే తంతు, ఈలోపు క్రేన్ ఖాళీ, ఫిట్టర్లు ఖాళీ. దాంతో కుర్రాళ్లు ముందు పని చేసేసి తర్వాత కాగితం పుట్టిస్తున్నారు. పెద్ద మార్పులకి సరే, చిన్నవాటికి సైట్ ఇంజినీర్ మాట చాలదా?

డిజైన్_డెస్క్:
చాలదండి. అది చిన్నదో పెద్దదో చేసేవాళ్లే తేల్చేసుకుంటే ఎలా? 1981లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపలి నడకవంతెనలు కూలి 114 మంది పోయారు. అసలు డిజైన్‌లో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి రాడ్ నాలుగో అంతస్తు వంతెననీ రెండో అంతస్తు వంతెననీ మోయాలి. అంత పొడవునా మరలు కోయడం ఇబ్బందని దాన్ని రెండు రాడ్లు చేసి, కింది వంతెనని పై వంతెన దూలానికే వేలాడదీశారు. దాంతో పై దూలం కింద నట్టు మీద బరువు రెట్టింపైంది. చూస్తే ఎంత చిన్న మార్పో చెప్పండి!

సైట్_ఇంజినీర్:
ఆ కేసు నేనూ చదివానండి, కానీ అది నా వైపే మాట్లాడుతోంది. మారిన ఆ డ్రాయింగుల మీద డిజైన్ ఇంజినీర్ స్టాంపు ఉంది కదా! కాగితం ఉంది, లెక్క లేదు. రిక్వెస్టులు గుట్టలా పడితే నాలుగు సంతకాలు పెట్టేవాళ్లలో ఒక్కరైనా లెక్క వేస్తారా? పక్కాయన చూశాడులే అనుకుంటారు అంతే.

ప్లాంట్_మెయింటెనెన్స్:
ఇద్దరి మాటా నిజమే గానీ అసలు మార్పు అంటే ఏంటో ముందు తేల్చండి. కెమికల్ ప్లాంట్లకి 1992లో వచ్చిన అమెరికా రూల్‌లో ఇది స్పష్టంగా ఉంది, అదే స్పెక్‌తో (డిజైన్‌లో రాసిన కొలతలు, లక్షణాలతో) పాతది తీసి కొత్తది పెడితే మార్పు కిందకే రాదు, ఫార్మాలిటీ అక్కర్లేదు. స్పెక్ దాటితే మాత్రం తప్పదు. ముఖ్యంగా తాత్కాలికం అనే మాటకి నేను చాలా భయపడతాను. 1974లో ఇంగ్లాండ్ ఫ్లిక్స్‌బరో కెమికల్ ప్లాంట్‌లో ఐదో రియాక్టర్‌కి పగులు వచ్చిందని తీసేసి, నాలుగుని ఆరుకి కలుపుతూ 20 అంగుళాల తాత్కాలిక పైపు వేశారు, దాని డ్రాయింగ్ వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసింది. వంపు తిరిగిన పైపుని లోపలి ప్రెషర్ ఎటు తోస్తుందో ఎవరూ లెక్కెయ్యలేదు. రెండు నెలలకి ప్లాంట్ పేలి 28 మంది చనిపోయారు.

క్వాలిటీ_రికార్డ్స్:
ఆమోదం గురించే అందరూ మాట్లాడుతున్నారు, నమోదు సంగతేంటి? జనరల్ మోటార్స్ కార్ల ఇగ్నిషన్ స్విచ్‌లో (తాళం తిప్పే స్విచ్) లోపలి భాగం మార్చి పార్ట్ నంబర్ పాతదే ఉంచేశారు, పాత కార్లలో స్విచ్ జారి ఇంజిన్ ఆగిపోతుంటే కొత్తవాటిలో ఎందుకు ఆగట్లేదో దర్యాప్తులో ఏళ్ల తరబడి అంతుబట్టలేదు, రీకాల్ (కార్లని రిపేరుకి వెనక్కి పిలవడం) 2014 దాకా రాలేదు. అక్కడ మార్పు మంచిదే, రాయకపోవడమే కొంప ముంచింది.

సైట్_ఇంజినీర్:
రాయడం వరకు ఒప్పుకుంటున్నా, నంబర్ కూడా మారాల్సిందే. కానీ నలుగురు వద్దు. ఆ డిజైన్ లెక్క వేసిన ఒక్కరు మళ్లీ లెక్క వేసి, అదే రోజు జవాబివ్వాలి, మీటింగ్‌లో ఇదే అడుగుతాను. రాత్రి షిఫ్టులో అవసరం పడితే ఎవరు దొరుకుతారో కూడా రూల్‌లో రాయాలి.

డిజైన్_డెస్క్:
రాత్రైనా నాకు చెయ్యండి, ఫోన్ ఎత్తుతాను. కానీ ఫోన్‌లో సరే అనను. కొలతలు, ఫోటో పంపండి, లెక్క వేసి రాసి పంపుతా, అందాకా డ్రిల్లు పెట్టొద్దు.