ఇరవై మంది పిల్లలున్న బడిని విలీనం చేస్తామంటే విద్యా కమిటీ సంతకం పెట్టాలా? (చర్చలో మాట్లాడేవాళ్ల మారుపేర్లు: కొండవాలు, రిటైర్డ్ హెచ్‌ఎం, తీర్మానాల పుస్తకం.)

కొండవాలు
విశాఖలో చిన్న బళ్ల విలీనం మాట వచ్చినప్పుడల్లా "కిలోమీటరు లోపే పెద్ద బడి ఉంది కదా, అభ్యంతరమేంటి?" అని అడుగుతున్నారు. కమిటీలో ఉన్న తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోకూడదు. విద్యాహక్కు నిబంధనలు చెప్పే కిలోమీటరు నడక దూరం, మ్యాపు మీద గీసిన గీత కాదు. కంచరపాలెం, జ్ఞానాపురం వైపు ఆ గీత రైలు పట్టాలు దాటుతుంది, గాజువాక వైపు హైవే దాటుతుంది. కొండ మీది పేటల్లోనైతే వానకు జారే మెట్లన్నీ దిగాలి.

2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినచోట అక్క అటు, ఒకటో తరగతి తమ్ముడు ఇటు అయ్యారు. అప్పటిదాకా వాణ్ణి చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చేది ఆ అక్కే. జాలరిపేటలో తల్లి తెల్లారకముందే చేపల వేలానికి హార్బరుకు పోతుంది. ఇక ఆ పిల్లాణ్ణి దింపేదెవరు?

రిటైర్డ్ హెచ్‌ఎం
దూరం సంగతి నిజమే. కానీ ఆ ఇరవై మందికి ఇప్పుడు అందుతున్న చదువెంతో కూడా చూడండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి అయిదు వరకు నాలుగేసి. మొత్తం 18, చెప్పేది ఒక్క ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు). ఆయన శిక్షణకు వెళ్లినా, సెలవు పెట్టినా బడికి తాళమే. తరగతికో టీచరున్న బడికి పిల్లలు వెళ్తుంటే కమిటీ అడ్డుపడటం వాళ్లకు మేలు చేయడం కాదు.

కొండవాలు
మాస్టారూ, 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. రెండో పోస్టు ఇవ్వకపోతే బడి తరచూ మూతపడుతుంది, తల్లిదండ్రులకు నమ్మకం పోతుంది, పిల్లలు ప్రైవేటుకు మళ్లుతారు. అలా తగ్గిన సంఖ్యనే రేపు విలీనానికి కారణంగా చూపిస్తారు. కమిటీ అడగాల్సింది ఆ రెండో టీచరునే.

తీర్మానాల పుస్తకం
"మా బడి మాకే కావాలి" అని రాసిన అర్జీలు ఫైల్లోనే ఉండిపోతాయి. అధికారి జవాబు చెప్పక తప్పని తీర్మానం రాయాలి. అందులో తరగతివారీగా పిల్లల సంఖ్య, ఏ వీధి నుంచి ఎంతమంది వస్తున్నారు, కొత్త బడికి నడక దూరం, దారిలో పట్టాలు, హైవే, కాలువ ఎక్కడెక్కడ దాటాలి అన్నవి వివరంగా ఉండాలి. దూరం పేట చివరి ఇంటి గుమ్మం నుంచి కొలవండి. అధికారులు ఒక బడి గేటు నుంచి ఇంకో బడి గేటుకు కొలుస్తారు, తేడా అక్కడే వస్తుంది. ఉదయం బడి వేళకు రోడ్డు దాటే చోట ఫోటో తీసి జతచేయండి.

వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి వచ్చే పిల్లల జాబితా అన్నిటికన్నా ముఖ్యం. అంగన్‌వాడీ కార్యకర్త కమిటీలో ఎక్స్ అఫీషియో (ఉద్యోగ రీత్యా) సభ్యురాలే, ఆమె రిజిస్టర్లో పేర్లు దొరుకుతాయి. ప్రైవేటులో చదువుతున్న పిల్లల్ని మాత్రం లెక్కలో కలపొద్దు. ఆన్‌లైన్‌లో ఆధార్‌తో సరిచూస్తే ఒక్క దొంగ పేరు బయటపడినా చాలు, మిగతా తీర్మానాన్నీ ఎవరూ నమ్మరు.

ఇంకో ప్రమాదం హాజరు సంతకాల్లో ఉంది. ముందు ఖాళీ పేజీలో సంతకాలు పెట్టించుకుని, తర్వాత పైన "విలీనానికి సమ్మతి" అని రాసుకోవచ్చు. ముందు తీర్మానం రాయించండి, దాన్ని పైకి చదివించండి, చివరి వాక్యం కింద గీత కొట్టించండి, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి హెచ్‌ఎం మొహమాటపడినా తీర్మానం ఆగదు. ఒక ప్రతి ఎంఈవోకు (మండల విద్యాధికారికి), ఒకటి డీఈవోకు (జిల్లా విద్యాధికారికి) ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు వస్తుంది. అధికారులు కొలిచిన దూరం నివేదిక నకలు కోసం ఆర్టీఐ వేయొచ్చు గానీ జవాబుకు 30 రోజుల గడువుంటుంది, అందుకే అభ్యంతరం ముందే వేసేయండి.

రిటైర్డ్ హెచ్‌ఎం
ఇలా లెక్కలతో రాస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకే వీధిలో, ఏ రోడ్డూ దాటక్కర్లేకుండా రెండు బళ్లుంటే? అక్కడా వద్దంటారా?

కొండవాలు
అక్కడ వద్దనను. అయితే మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: చిన్నపిల్లల ఎత్తుకు కుళాయిలూ మరుగుదొడ్లూ, వరండాలో కాకుండా గదిలో తరగతులు, ఖాళీ అయ్యే స్థలం విద్యాశాఖ చేతిలోనే ఉండటం. పేటల్లో ఒకసారి పోయిన బడి స్థలం మళ్లీ దొరకదు.

తీర్మానాల పుస్తకం
ఇంకొకటి. అభ్యంతరం తేలేదాకా ఏ తల్లీ టీసీ తీసుకోకూడదు. "ఎలాగూ కలిపేస్తారు, ముందే చేర్పించుకోండి" అని ఇంటింటికీ చెప్పేవాళ్లు ఉంటారు. అలా పది టీసీలు వెళ్లిపోతే ఇరవై మంది బడి పది మంది బడవుతుంది, తీర్మానంలో రాసిన సంఖ్య ఇక నిలబడదు. ఈ మాట కమిటీ సమావేశంలో చెప్పి ఊరుకుంటే చాలదు, ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాలి.