బ్రోకెన్ హిల్ టూర్మలీన్: బోరాన్ అంకె చూసి పుట్టుక తేల్చేయొచ్చా?

శిలాప్రియ: ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ సీసం-జింక్ గనుల్లో దొరికే బోరాన్ ఖనిజం టూర్మలీన్‌లో డెల్టా బోరాన్-11 (బరువైన బోరాన్-11 వాటా ప్రమాణం కంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) దాదాపు −27 నుంచి −17 వరకూ ఉందని 1989లోనే తేలింది. సముద్రపు నీటిది +39.6. సముద్రం ఎండి మిగిలిన ఉప్పు పొరల్లోనూ విలువ ప్లస్‌లోనే ఉంటుంది. కాబట్టి ఈ బోరాన్ నేల మీది ఉప్పు సరస్సులదే. వాదించడానికి ఏముంది?

గూడూరు కుర్రాడు: ఉంది అన్నా. మైకాలో బోరాన్ కూర్చునే చోటికి తేలికైన బోరాన్-10 ఎక్కువ చేరుతుంది. అలాంటి రాయి వేడెక్కితే బయటికి పోయే ద్రవం బోరాన్-11ని పట్టుకుపోతుంది, మిగిలేది తేలికే. ఆ రాళ్లు 160 కోట్ల ఏళ్ల కిందట గ్రాన్యులైట్ స్థాయి వేడి, అంటే భూమి లోతుల్లో రాయి రూపమే మారిపోయేంత తీవ్రమైన వేడి చూసినవి. సరస్సు లేకపోయినా మైనస్ వస్తుంది.

శిలాప్రియ: అంత వేడిలో రెండు ఐసోటోపులూ (బోరాన్-10, బోరాన్-11) విడిపోయేది చాలా తక్కువ. −27 దాకా ఎలా దించుతావ్? లెక్క చూపించు.

పలుగురాయి: ఈ ప్లస్, మైనస్ దేనితో పోల్చి?

ల్యాబ్ మిత్ర: నిస్ట్ 951 అనే బోరిక్ యాసిడ్‌తో. దాన్ని సున్నా అనుకుంటారు.

గూడూరు కుర్రాడు: ముందు కొలత సంగతి చూడు. గింజ మొత్తం కరిగించి కొలిస్తే నడుమా అంచూ కలిసిపోయి సగటు వస్తుంది. మా వైపు పెగ్మటైట్ (పెద్ద పెద్ద స్ఫటికాలుండే రాయి) టూర్మలీన్ ఒక ల్యాబ్‌కి పంపాను. థిన్ సెక్షన్‌లో (మైక్రోస్కోపు కింద చూసే పల్చటి రాతి ముక్కలో) గోధుమరంగు నడుమ, నీలి అంచు విడిగా కనిపిస్తున్నాయి. ఏ చుక్క ఎక్కడ కొలిచారో ఫోటో లేదు, ఉత్త అంకెల షీటు పంపారు. డబ్బులు దండగ.

శిలాప్రియ: నీ ల్యాబ్ గొడవకీ బ్రోకెన్ హిల్‌కీ ఏం సంబంధం? సిమ్స్‌తో (అయాన్ల పుంజంతో చుక్క చుక్కగా కొలిచే యంత్రంతో) ఇప్పుడు 20 మైక్రాన్ల చుక్క కూడా కొలుస్తున్నారు.

ల్యాబ్ మిత్ర: అక్కడా స్టాండర్డ్ (పోల్చడానికి పెట్టే నమూనా) టూర్మలీనే అయి ఉండాలి. లేదంటే యంత్రమే అంకెను జరిపేస్తుంది.

శిలాప్రియ: అంకె నచ్చకపోతే యంత్రం మీద పడతారు. ఎప్పుడూ ఇదే!

గూడూరు కుర్రాడు: నచ్చక కాదు! ఎండలో పొర పొరా తిరిగి మ్యాపు గీసినవాడి మాటకి విలువ లేదు, ఏసీ గదిలోంచి వచ్చిన అంకె మాత్రం వేదం. అదీ నా బాధ. సరస్సు అన్నావు, ఆ ఉప్పు రాతిలో ఎక్కడుందో చూపించు.

శిలాప్రియ: ఉప్పు అన్నేళ్లు నిలుస్తుందా? ఎప్పుడో కరిగిపోయింది. మ్యాపులో దొరకనిది చెప్పడానికే కదా ఐసోటోపు!

గూడూరు కుర్రాడు: సరే. నడుమది ఒక అంకె, అంచుది ఒకటి, గింజ ఏ పొరలోదో మ్యాపు మీద గుర్తు. మూడూ పక్కపక్కన పెట్టు.

శిలాప్రియ: నడుమలోనూ −20 వస్తే?

గూడూరు కుర్రాడు: అప్పుడు పక్కనున్న మైకా కూడా కొలవాలి.