రాజీ కుదిరింది, మనసులు కలవలేదు. ఏం చేయాలి?

నాన్న వైద్యం ఖర్చుల దగ్గర అన్నయ్యకూ నాకూ మాటలు ఆగిపోయాయి. పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు, లెక్క తేలింది. కానీ ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి వదినకిచ్చేస్తాడు. ఎదురుపడితే నా ముఖం చూడకుండా పిల్లలతోనే మాట్లాడతాడు.

"అందరి ముందూ నన్ను దొంగలా నిలబెట్టావు, అది ఇంకా బాధగానే ఉంది" అని నెమ్మదిగా చెప్పాను. ఉత్తరం రాశాను. వదినతోనూ చెప్పించాను. ప్రతిసారీ "అయిపోయిందిగా, వదిలెయ్" అంటాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలపు నేరాలపై 1996లో విచారణలు మొదలుపెట్టిన సత్య, సయోధ్య కమిషన్, నేరం చేసినవాళ్లు నిజం పూర్తిగా చెబితేనే క్షమాభిక్ష ఇచ్చింది. ఇంట్లో అన్నయ్యని అలా నిలదీయలేను కదా.

ఇలాంటి స్థితి దాటినవాళ్లు చెప్పండి: జరిగింది మాట్లాడుకోకుండానే మళ్లీ మనస్ఫూర్తిగా కలవడం మీకు సాధ్యమైందా?