రాత్రిపూట వెలిగే రాళ్లు: చట్టం ఒప్పుకున్నంతా తెచ్చుకోవచ్చా?

గులకరాయి (చర్చ ప్రారంభం)

నేను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పంలో, సుపీరియర్ సరస్సుకు అరగంట దూరంలో ఉంటున్నాను. ఈ ఒడ్డున పగటిపూట బూడిదరంగులో, ఎవరూ రెండోసారి చూడని విధంగా పడి ఉండే కొన్ని రాళ్లు, రాత్రి 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వెలుగు పడగానే కుంపట్లో నిప్పుకణికల్లా నారింజ రంగులో వెలుగుతాయి. ఇవి సోడలైట్ అనే ఖనిజం కలిసిన, గ్రానైట్‌ను పోలిన సయనైట్ రాళ్లు. సోడలైట్‌లో కొద్దిపాటిగా చిక్కుకున్న గంధకమే ఆ వెలుగుకు కారణం. 2017లో ఎరిక్ రింటమాకి అనే స్థానికుడు వీటిని గుర్తించి యూపర్‌లైట్ అని పేరు పెట్టిన నాటి నుంచి, వేసవి రాత్రుల్లో ఒడ్డు పొడవునా టార్చీలే కనిపిస్తున్నాయి.

రాష్ట్ర భూముల నుంచి ఒక వ్యక్తి ఏడాదికి మొత్తం 25 పౌండ్ల రాళ్లు, అంటే సుమారు 11 కిలోలు, వ్యాపారానికి కాకుండా సొంత సరదా కోసం తీసుకోవడానికి మిషిగన్ చట్టం అనుమతిస్తుంది. గత ఆగస్టులో డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన మా మిత్రులు భార్యాభర్తలకు, ఇద్దరు పిల్లలకు కలిపి 100 పౌండ్లని లెక్కగట్టి, రెండు బకెట్లు నింపుకుని వెళ్లారు. ఆ లెక్క తప్పని నేను చెప్పలేను గాని, మరునాటి రాత్రి అదే చోట గంటసేపు నడిచినా నాకు వెలిగే రాళ్లు రెండు మాత్రమే కనిపించాయి. చట్టం ఇచ్చిన పరిమితి వరకు తీసుకోవడం సబబేనా, లేక మనమే అంతకంటే తక్కువ హద్దు పెట్టుకోవాలా?

అలలహోరు

గులకరాయి గారూ, మీ బాధ అర్థమైంది గాని, ఒక్క రాత్రి అనుభవాన్ని బట్టి ఒడ్డు ఖాళీ అయిపోయిందనడం తొందరపాటు. ఈ రాళ్లు ఇక్కడ పుట్టినవి కావు. ఉత్తరాన ఒంటారియో వైపు నుంచి హిమానీనదాలు వాటిని మోసుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ వదిలి వెళ్లాయి. నాటి మట్టి, గులక మేటలు నేటికీ కోసుకుపోతూనే ఉన్నాయి. నవంబరు తుఫానులు ఒడ్డును తలకిందులు చేస్తాయి, చలికాలంలో మంచుగడ్డలు రాళ్లను నెట్టుకొస్తాయి. పైగా టార్చి చూపించేది పైపొరను మాత్రమే. దాని కింద ఎన్ని పొరలున్నాయో ఆలోచించండి. మా అబ్బాయికి ఖనిజం అన్న మాట మీద ఆసక్తి పుట్టింది పాఠ్యపుస్తకం వల్ల కాదు, తన చేత్తో ఏరుకున్న రాయి వల్లే. ఆ రాయిని అక్కడే వదిలేయమని ఏడేళ్ల పిల్లవాడికి చెప్పడం నా వల్ల కాదు.

చీకటిచూపు

అలలహోరు గారు చెప్పిన భూగర్భ విషయంతో నాకు పేచీ లేదు. అయితే 25 పౌండ్ల నిబంధన చేతి టార్చీలతో ఈ వేట మొదలు కాకముందు నుంచీ ఉన్నదని మరచిపోకూడదు. పగటిపూట అగేట్ అనే చారల రాళ్ల కోసం వెతికే మనిషి వందల రాళ్లను దాటుకుంటూ పోయి, కంటికి ఆనిన ఒకటి రెండు తీసుకుంటాడు. అతడు చూడనివి అతని తర్వాత వచ్చేవారికి మిగులుతాయి. టార్చి పట్టుకున్న మనిషికి దాటిపోవడం అన్నదే ఉండదు, పైపొరలో వెలిగే రాయి ప్రతిదీ వరుసగా దొరుకుతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒడ్డునంతా ఏరివేయగల పరికరం చేతిలో ఉన్నప్పుడు, బరువుతో పెట్టిన హద్దు దేన్నీ ఆపదు. 25 పౌండ్ల మామూలు గులకరాళ్లు పోతే ఒడ్డుకు తెలియదు, 25 పౌండ్ల వెలిగే రాళ్లు పోతే ఆ వేసవికి ఆ చోటు చీకటి.

మరొక మాట. పిల్లల వాటాను కూడా బకెట్టులో కలిపేసుకునే లెక్క నాకు రేషన్ కార్డులో పేర్లు చేర్చడంలా అనిపిస్తుంది. పిల్లవాడు తన చేత్తో ఏరుకుని, తన జేబులో మోసుకెళ్లేదే అతని వాటా.

సీమవాసి

మాది కర్నూలు జిల్లా. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లోకి వజ్రాల కోసం జనం ఎలా వస్తారో చిన్నప్పటి నుంచి చూసినవాడిని. విత్తనం వేసిన చేనును తొక్కేస్తున్నారని రైతులు మొత్తుకుంటారు. అక్కడ అడ్డుకోవడానికి చేనుకు ఒక యజమాని ఉన్నాడు. సరస్సు ఒడ్డు అందరిదీ కాబట్టి అడ్డుకునేవాడు లేడు, కనుక మనకు మనమే అడ్డు చెప్పుకోవలసి వస్తుంది. ఇందుకు మా ఊరి వేటే నయమని నేననను. ఆశకు అక్కడా హద్దు లేదు.

అలలహోరు

అడ్డుకునేవాడు లేడనడం సరికాదు. నీటి అడుగు నుంచి తీసిన 93 పౌండ్ల పెటోస్కీ రాయిని (పగడపు శిలాజం ఉన్న రాయి) రాష్ట్ర సహజ వనరుల శాఖ స్వాధీనం చేసుకున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ రాయి ఇప్పుడు డెట్రాయిట్‌లో ప్రదర్శనలో ఉంది. చట్టం ఉంది, అమలు కూడా జరుగుతోంది. పైగా సాధారణంగా నీరు చేరే ఎత్తు వరకు మహాసరస్సుల ఒడ్డున ఎవరైనా నడవవచ్చని 2005లో మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రజల హక్కును మనమే ఎందుకు కుదించుకోవాలి?

చీకటిచూపు

ఆ తీర్పు నడకకు సంబంధించినది, ఏరుకోవడానికి కాదు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే కొత్తవారు చిక్కుల్లో పడుతున్నారు. గ్రాండ్ మరే ఊరికి పడమర కొద్ది దూరం నడిస్తే పిక్చర్డ్ రాక్స్ జాతీయ తీరం మొదలవుతుంది. అది కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ ఒక్క గులకరాయి తీసుకున్నా నేరమే. ఇసుకలో గీత ఏదీ ఉండదు, చీకట్లో బోర్డూ కనిపించదు. మిషిగన్‌లోనే ఉన్న మరో జాతీయ తీరం స్లీపింగ్ బేర్ డ్యూన్స్‌లోనూ ఇదే నియమం.

విల్లెమైట్

న్యూజెర్సీ నుంచి ఒక చిన్న మాట. ఫ్రాంక్లిన్, స్టెర్లింగ్ హిల్ మూతపడిన జింకు గనులు. అక్కడ విల్లెమైట్ అనే ఖనిజం పచ్చగా, కాల్సైట్ అనే ఖనిజం ఎర్రగా వెలుగుతాయి. మ్యూజియంల వారి పాత గని గుట్టల్లో డబ్బు కట్టి ఏరుకోవచ్చు. స్టెర్లింగ్ హిల్‌లో తూకం వేసి పౌండుకు ఇంత అని తీసుకునేవారు. నేను వెళ్లినప్పుడు మా వాళ్లందరూ సంచిని తక్కెడ మీద పెట్టే ముందు సగం రాళ్లు తీసి పక్కన పెట్టడం చూశాను. ఉచితమైన చోట ఆ పని ఎవరూ చేయరు.

గులకరాయి

విల్లెమైట్ గారి తక్కెడ మాట నాకు నచ్చింది. అలలహోరు గారి అబ్బాయి రాయిని వెనక్కి పెట్టించాలని నేనూ కోరుకోవడం లేదు. నా అభ్యంతరం బకెట్టు మీదే. ఈ వేసవి మా ఇంటికి వచ్చేవారికి రెండు మాటలు ముందే చెప్పదలచుకున్నాను: తలకు మూడు రాళ్లు, అదీ మిగతావన్నీ చూసి తిరిగి వచ్చేటప్పుడు ఎంచుకుని తీసుకోవాలి. ఏ చోట దొరికిందో ఫోటోతో పాటు మ్యాపులో గుర్తు పెట్టకూడదు. రెండో మాట మీదే ఎక్కువ గొడవ వస్తుందని అనుకుంటున్నాను, అభ్యంతరం ఉన్నవారు చెప్పండి.

అలలహోరు

మూడు రాళ్లకు ఒప్పుకుంటాను. మ్యాపు విషయం మాత్రం ఒప్పుకోను. మీరు అరగంట దూరంలో ఉన్నారు, మేము తొమ్మిది గంటలు కారు నడిపి వస్తాము. చోటు దాచిపెడితే ఆ ఒడ్డు దగ్గరివారి సొత్తు అయిపోతుంది.