ఓడలో ఈతకొలను పక్కన పడక కుర్చీకి టవల్ వేసి పట్టుకోవచ్చా?

అలిపిరి మెట్లు, తిరుపతి

ఏప్రిల్లో పిల్లల పరీక్షలు అయిపోగానే ఇంటిల్లిపాదీ తొమ్మిది మందిమి పోతా ఉన్నాం. చెన్నైలో విమానం ఎక్కి సింగపూర్, అక్కడి నుంచి రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్ల క్వాంటమ్ తరగతి విహార ఓడలో 4 రాత్రులు. పెనాంగ్, ఫుకెట్ చూసుకుని చివరి రోజంతా సముద్రం మీదే. ఆ రోజు ఈతకొలను దగ్గర పడక కుర్చీలు దొరకవని అందరూ భయపెడుతున్నారు. పొద్దున్నే ఒకరు పైకి పోయి తొమ్మిది కుర్చీల మీద టవళ్లు పరిచేసి, టిఫిన్ చేసుకుని పదింటికి పోతే మర్యాదేనా? వేరేవాళ్ల టవల్ గంటల తరబడి మనిషి లేకుండా పడుంటే తీసి పక్కన పెట్టి కూర్చోవచ్చా? ఇంకోటి, అమ్మానాయనలకు 70 దాటింది, నాయనకు మోకాళ్ల నొప్పి. చిన్నదానికి రెండున్నరేళ్లు. వీళ్లను ఎక్కడ కూర్చోబెడితే మేలు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రేణిగుంట జంక్షన్

తొమ్మిది టవళ్లు పరిచేసి టిఫినుకు పోవడం కుదరదన్నా. మన ఆర్టీసీ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం వేరే లెక్క. వేసినోడు రెండు నిమిషాల్లో తోసుకుంటా లోపలికొచ్చి కూర్చుంటాడు, కర్చీఫ్ జేబులోకి పోతుంది. ఓడలో ఏడింటికి టవల్ వేసినోడు పదకొండుకు గానీ రాడు. ఆ నాలుగు గంటలూ కుర్చీ ఎవరికీ లేదు. క్వాంటమ్ తరగతి ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తేనే 4,180 మంది. సెలవుల్లో పిల్లలతో కలిపి ఇంకా పెరుగుతారు. అంతమందికీ కుర్చీలు ఏ ఓడలోనూ ఉండవు, మనుషులు మారుతా ఉంటేనే సరిపోతాయి.

అందుకే నిమిషాలు పెట్టినారు. రాయల్ కరీబియన్‌లో 30 నిమిషాలు. మనిషి లేకుండా సామాను అంతకు మించి పడుంటే సిబ్బంది తీసేయొచ్చు. ఇంకో ఓడల కంపెనీ కార్నివాల్ వాళ్లు 40 నిమిషాలు ఇస్తారు. అక్కడ సిబ్బంది ఖాళీ కుర్చీకి టైము వేసిన స్టిక్కరు అంటించి పోతారు. గడువు దాటినా మనిషి రాకపోతే సామాను మొత్తం తీసుకుపోయి టవళ్ల కౌంటరులో పెడతారు. మీ ఓడలో ఇంత పద్ధతిగా జరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. రద్దీ రోజు కుర్చీలు సర్దేవాళ్లకు చేతినిండా పని, అడిగితే గానీ కదలరు.

మీ రెండో ప్రశ్నకు ఇదే జవాబు: అడగండి, మీరు మాత్రం ముట్టుకోవద్దు. ముందు పక్క కుర్చీలో ఉన్నవాళ్లను నవ్వుతూ ‘ఈజ్ సమ్‌వన్ సిట్టింగ్ హియర్?’ అనండి. ‘ఇప్పుడే నీళ్లలోకి దిగినారు’ అంటే వదిలేయండి. ‘పొద్దున్నించీ ఎవరూ రాలేదు’ అంటే టైము చూసుకోండి. అరగంట తర్వాత కూడా అట్లాగే ఉంటే, యూనిఫాంలో టవళ్లు ఏరుతూ తిరిగే వాళ్లను పిలిచి కుర్చీ చూపించండి. వాళ్ల చేత్తోనే తీయించండి. మీ చేత్తో తీస్తే ఏమవుతుంది? ఆ టవల్ మడతలో కళ్లద్దాలో, గది కార్డో ఉందనుకోండి, తర్వాత అది కనపడకపోతే చివరగా ముట్టుకున్నది మీరే. డెక్కు (ఓడ అంతస్తు) నిండా కెమెరాలు ఉంటాయి.

మీ సామాను మాయమైనా కంగారు పడొద్దు, మొదట టవళ్ల కౌంటరులో అడగండి. అక్కడ లేకపోతే గెస్ట్ సర్వీసెస్‌కు, అంటే ఓడలో విచారణ కౌంటరుకు పోండి. ఫోను, గది కార్డు మాత్రం కుర్చీ మీద వదిలి నీళ్లలోకి దిగొద్దు.

టవళ్ల లెక్క కూడా వినండి, మనవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే. ఈతకొలను టవల్ ఊరికే ఇవ్వరు, గది కార్డు గీకి కార్డు పేరు మీద రాసుకుంటారు. తిరిగి ఇవ్వకపోతే ఒక్కోదానికి 25 డాలర్లు గది బిల్లులో పడుతుంది. తొమ్మిది టవళ్లు కుర్చీల మీద వదిలేసి పోతే సిబ్బంది వాటిని ఏరి ఉతుకుడుకు వేస్తారు, మీ పేరు మీద లెక్క మాత్రం అట్లాగే ఉంటుంది. 225 డాలర్లు! తడిదైనా సరే కౌంటరుకు తీసుకుపోయి, కార్డు మళ్లీ గీకించి, లెక్క కొట్టేసినారని చూసుకునే కదలండి. తొమ్మిదీ ఒకే కార్డు మీద తీసుకోవద్దు, ఎవరిది వాళ్ల కార్డు మీదే తీసుకుంటే చివర్లో ఎవరు ఇవ్వలేదో తేలుతుంది.

పీలేరు రోడ్డు

అరగంట నియమం సరేగానీ, దాన్ని గడియారం పెట్టుకుని పట్టుకోవద్దు. బాత్రూముకు పోయినా, పిల్లకు ఐస్‌క్రీము తేవడానికి పోయినా, నీళ్లలో దిగినా కుర్చీ వాళ్లదే. నీళ్లలో ఉన్న మనిషి నలభై నిమిషాలైనా అక్కడే ఉన్నట్టు లెక్క. బఫేలో కూర్చుని మధ్యాన్నం భోజనం చేసొస్తానంటే అది వేరు, అప్పుడు కుర్చీ ఖాళీ చేసి పోవాలి.

ఒకరు కూర్చుని ఎన్ని కాపలా కాయొచ్చు అంటే, నా లెక్కలో తనది కాక ఇంకొక్కటి. పెళ్లాం కోసం మొగుడు, మొగుడి కోసం పెళ్లాం. ఒక్క మనిషి ఎనిమిది కుర్చీల మధ్య కూర్చుని ‘ఆర్ కమింగ్, ఆర్ కమింగ్’ అంటా ఉంటే టవల్ వేసినదానికీ దీనికీ తేడా లేదు. పని చేసేవాళ్ల చేతిలో డాలర్లు పెట్టి కుర్చీలు ఆపించుకునేదీ వద్దు, వాళ్లను ఇరకాటంలో పెట్టినట్టు అవుతుంది.

చంద్రగిరి కోట

టైము తెలిస్తే కుర్చీ కోసం కొట్లాడే పనే ఉండదు.

ఎక్కిన రోజు మధ్యాన్నం ఈతకొలను దాదాపు ఖాళీ. జనమంతా బఫేలోనో, గదుల కోసం ఎదురుచూస్తానో ఉంటారు. కానీ అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఈత బట్టలు చేతి సంచీలో పెట్టుకున్నవాళ్లే ఆ రెండు మూడు గంటలు వాడుకోగలరు. పెనాంగ్, ఫుకెట్ రోజుల్లో జనం దిగిపోయినాక కుర్చీలు వరసగా ఖాళీగా పడుంటాయి. ఊరు చూసి పెందలాడే వెనక్కి వస్తే చాలు. ఇక చివరి రోజు, సముద్రం మీద ఉండే రోజు, తొమ్మిది దాటితే కష్టం, పది నుంచి ఒంటి గంట దాకా నిండిపోయి ఉంటుంది. నాలుగు కొట్టినాక జనం స్నానాలకు, షోలకు కిందికి దిగుతారు. ఎండ కూడా అప్పుడే తగ్గుతుంది. పిల్లలకు ఆ రెండు గంటలు చాలు.

నీడ సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. సింగపూర్ భూమధ్యరేఖకు ఆనుకునే ఉంది, ఏప్రిల్లో మిట్టమధ్యాన్నం సూర్యుడు నడినెత్తిన. చిత్తూరు ఎండ చూసినవాళ్లం మాకేం అనుకుంటారు గానీ, సముద్రం గాలికి చెమట ఆరిపోతా ఉంటే కాలేది తెలీదు, రాత్రికి భుజాలు మండుతాయి. ఫుకెట్ నుంచి సింగపూర్‌కు ఓడ ఆగ్నేయంగా పోతుంది. అంటే ఓడ ముందుకు మొహం పెట్టి నిలబడితే పొద్దున ఎండ ఎడమ పక్క నుంచి, మధ్యాన్నం తర్వాత కుడి పక్క నుంచి. పై డెక్కు అంచు కింద చూరు మాదిరి నీడ ఉండే కుర్చీలు రెండు పక్కలా ఉంటాయి. పొద్దున కుడి వైపు, మధ్యాన్నం తర్వాత ఎడమ వైపు పట్టండి. పన్నెండు ప్రాంతంలో ఏ పక్కైనా ఒకటే, చూరు కిందికి జరగండి. చాలామంది పొద్దున నీడ చూసి కూర్చుంటారు, రెండింటికి ఎండ మొహం మీదికొస్తే లేచిపోతారు. అప్పుడు అవతలి పక్క చూడండి.

ఓడ గంటకు 30 కిలోమీటర్లకు పైగా పోతా ఉంటుంది, గాలి దానికి తోడు. పై డెక్కులో వేసిన టవల్ నిలవదు. ఇంట్లో దండెం మీద పెట్టే క్లిప్పులు నాలుగు తీసుకుపోండి, తల దగ్గర రెండు, కాళ్ల దగ్గర రెండు. ఎగిరి సముద్రంలో పడిన టవల్‌కు కూడా 25 డాలర్లే.

చిత్తూరు తోతాపురి

పెద్దవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. మీ నాయనగారికి పడక కుర్చీ వద్దు. అది మోకాలి ఎత్తు కూడా ఉండదు, వాల్చి పడుకున్నాక లేవాలంటే పక్కకు తిరిగి రెండు కాళ్లూ కింద పెట్టి చేతుల మీద బలం వేసి లేవాలి. అరిగిన మోకాళ్లకు అదే శిక్ష. తప్పదంటే వీపు భాగం పూర్తిగా నిలబెట్టండి. వెనక కింద ఒక కడ్డీ ఉంటుంది, పళ్ల మాదిరి గాళ్లలో పడుతుంది. వీపు భాగాన్ని రెండు చేతులతో ఎత్తి, కడ్డీ పై గాడిలో ‘టక్’మని కూర్చున్నాకే వదలాలి. సగంలో వదిలితే దబ్బున పడిపోతుంది, వేలు మధ్యలో ఉంటే నలుగుతుంది. పిల్లలను ఆ పనికి పంపొద్దు.

పెద్దవాళ్లకు మూడు చోట్లు ఉన్నాయి. కప్పు కింద ఉండే ఈతకొలను ఒకటి, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. సోలేరియం రెండోది, అద్దాల కింద చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది, దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. కానీ 16 ఏళ్లు నిండినవాళ్లకే, పిల్లలను వెంటబెట్టుకుని పోవద్దు. మూడోది ఓడ వెనక కొసన ఉండే టూ సెవెంటీ హాలు. నిలువెత్తు అద్దాల్లోంచి సముద్రం కనపడుతుంది, మామూలు సోఫాలు, టవళ్ల పంచాయితీ లేదు. షో లేని టైములో ప్రశాంతంగా ఉంటుంది. మా ఓటు దీనికే.

రెండున్నరేళ్ల పాపకు డైపర్ ఉంటే ఈతకొలనులోకి రానివ్వరు, ఈత డైపర్ అయినా సరే. పసిపిల్లల కోసం విడిగా నీళ్లాట చోటు ఉంటే అక్కడే ఆడించాలి. కాబట్టి మీ కుర్చీలు దానికి దగ్గరగా ఉండాలి, పెద్ద కొలను అంచున దొరికినా ఉపయోగం లేదు. చీర, లుంగీ, కాటన్ ప్యాంటుతో నీళ్లలో దిగొద్దు, నూలు పోగులు ఫిల్టర్లలో చుట్టుకుంటాయి. నైలాన్ బట్టలే. ఒడ్డున చీరలో కూర్చోవడానికి ఎవరూ ఏమీ అనరు. కాళ్లకు చెప్పులు మరిచిపోవద్దు. మాడవీధుల్లో మాదిరి చలువ పెయింటు వేసి ఉండదు, మధ్యాన్నం డెక్కు మీద అరికాలు పెట్టలేరు.

గాంధీరోడ్డు గడియారం

ఇది చిన్న గొడవలే అనుకోవద్దు, కోర్టు దాకా పోయినవి ఉన్నాయి. ఓడ కాదు గానీ, గ్రీసు రోడ్స్ ద్వీపంలో హోటల్. అరగంటకు మించి కుర్చీ ఆపొద్దని హోటల్ వాళ్లే నియమం పెట్టి, టవళ్లు పరిచి పోయినవాళ్లను ఏమీ అనలేదు. ప్యాకేజీ అమ్మిన జర్మనీ కంపెనీ మీద ఒకాయన కేసు వేస్తే, హానోవర్ కోర్టు 2023 డిసెంబర్లో 322 యూరోల పైచిలుకు వెనక్కి ఇప్పించింది. నియమం పెట్టినవాళ్లే దాన్ని నడిపించాలి అనేది అందులో అసలు మాట. అది వాళ్ల దేశపు ప్యాకేజీ చట్టం, మనకు పనికిరాదు. కానీ ఆయన అక్కడ ఉన్నప్పుడే ఫిర్యాదు చేసినాడు. ఇంటికొచ్చినాక రివ్యూలో తిట్టేదానికంటే ఆ రోజే గెస్ట్ సర్వీసెస్‌లో డెక్కు, టైము చెప్పి రాయించేది మేలు.

అలిపిరి మెట్లు, తిరుపతి

అందరికీ దండాలు. పెద్దవాళ్లను టూ సెవెంటీలో కూర్చోబెడతాం. అంటే మాకు కావలసింది తొమ్మిది కాదు, నాలుగైదు. ఒక్క అనుమానం: రెండు ఒక చోట, మూడు ఇంకో చోట దొరికితే కుర్చీలు లాగి దగ్గరగా వేసుకోవచ్చా?

రేణిగుంట జంక్షన్

వరసలో ఉన్నదాన్ని జానెడు అటూ ఇటూ జరిపితే ఎవరూ ఏమనరు. నడిచే దారిలోకి లాగి గుండ్రంగా వేసుకుంటే మాత్రం సిబ్బంది వచ్చి మళ్లీ సర్దేస్తారు. ప్రమాదం జరిగితే జనం పోవాల్సిన దారి అది, చక్రాల కుర్చీలు కూడా అక్కడే తిరగాలి. ఐదు కాదు, మూడు కుర్చీలు తీసుకోండి చాలు. పిల్లలు ఎట్లాగూ నీళ్లలోంచి బయటికి రారు, వాళ్ల టవళ్లు మీ కుర్చీ వీపు మీద క్లిప్పు పెట్టి వేలాడదీయండి.