ఆర్సెనైట్ ఇవ్వకపోయినా జీ3బీపీ1 చుక్కలు: ఇవి స్ట్రెస్ గ్రాన్యూల్సేనా?

ప్రశ్న: స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటే ఒత్తిడిలో కణంలో ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు గుమిగూడి కట్టే చుక్కలు; వాటిని కట్టే ప్రొటీన్ జీ3బీపీ1. యూ2ఓఎస్ (మనిషి ఎముక క్యాన్సర్) కణాల్లో జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) తగిలించిన జీ3బీపీ1 ట్రాన్స్‌ఫెక్ట్ చేస్తే (దాని జన్యువును బయటి నుంచి ఎక్కిస్తే), ఒత్తిడి పుట్టించే సోడియం ఆర్సెనైట్ పడని కంట్రోల్లో కూడా చుక్కలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

జవాబు 1: మోతాదు మించితే జీ3బీపీ1 ఒత్తిడి లేకుండానే గ్రాన్యూల్స్ కట్టేస్తుందండీ. మామూలు కణంలో దాన్ని కదిలించేది ఆర్‌ఎన్‌ఏ. ఆర్సెనైట్ పడగానే హెచ్‌ఆర్‌ఐ కైనేజ్ అనే ఎంజైమ్, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2 ఆల్ఫాలోని 51వ సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏను చదివి ప్రొటీన్ తయారుచేయడం) మొదలవడం ఆగి, రైబోజోములు వీడిపోయిన ఎంఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. జంటలుగా ఉండే జీ3బీపీ1 ఆ పోగులను పట్టి వల అల్లుతుంది. జీ3బీపీ1, ఆర్‌ఎన్‌ఏ మోతాదు ఒక హద్దు దాటగానే ఆ వల సైటోప్లాజం నుంచి బిందువులా విడిపోతుంది. మీ కణాల్లో ఆ హద్దును ట్రాన్స్‌ఫెక్షనే దాటించేసింది. అది మానేసి, సహజంగా ఉన్న జీ3బీపీ1కే యాంటీబాడీ వేయండి: ఆర్సెనైట్ 0.5 మిల్లీమోలార్, 37 డిగ్రీలు, 30–60 నిమిషాలు. తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు ఉంచి కణాలను ఫిక్స్ చేయండి (ఉన్నవి ఉన్నట్టు బిగించండి).

జవాబు 2: సైక్లోహెక్సిమైడ్ (అనువాదాన్ని ఆపే మందు) కంట్రోల్ వదలొద్దు. అది రైబోజోములను ఎంఆర్‌ఎన్‌ఏ మీదే బిగించేస్తుంది కాబట్టి నిజమైన గ్రాన్యూల్స్ కరిగిపోతాయి. మొండిగా నిలిచినవి ముద్దకట్టిన ప్రొటీన్ కావచ్చు. ప్యూరోమైసిన్ కూడా అనువాదాన్ని ఆపేదే, కానీ రైబోజోములను ఊడగొడుతుంది; గ్రాన్యూల్స్ పెరుగుతాయి. ఈ రెండూ పక్కపక్కన పెడితే అనుమానం తీరిపోతుంది.

జవాబు 3: డీసీపీ1ఏకు (పీ-బాడీలను గుర్తుపట్టించే ప్రొటీన్) కూడా రంగు వేయండి. పీ-బాడీలు (ఎంఆర్‌ఎన్‌ఏ, దాన్ని విరగ్గొట్టే ప్రొటీన్లు చేరే వేరే రకం చుక్కలు) ఒత్తిడి లేకున్నా ఉంటాయి, తరచూ గ్రాన్యూల్స్‌ను ఆనుకునే కనిపిస్తాయి. ఇంకో మాట: గ్రాన్యూల్ కనబడింది కదా, అదే అనువాదాన్ని ఆపిందని రాయకండి. జీ3బీపీ1, జీ3బీపీ2 రెండూ తీసేసిన కణాల్లో ఆర్సెనైట్‌కు గ్రాన్యూల్స్ రావు, అనువాదం మాత్రం ఆగుతుంది.